సుప్రియను కాంటా ఎక్కించొద్దు

సుప్రియ డాడీ,

ఫస్ట్ బస్సు డ్యూటీ పడింది, పోతున్నా. జొన్న రొట్టెలు, సొరకాయ కూర డబ్బాలో ఉన్నాయి. ముగ్గురికీ అవే, నీకు వేరే పూరీలు లేవు. వచ్చేటప్పుడు మిక్చర్ ప్యాకెట్ తేవద్దు. సాయంత్రం ఆరింటికి పిల్లను నడవడానికి నువ్వే తీసుకెళ్లు.

నిన్న ఏమైందో తెలుసా! నీ బిడ్డ హసన్‌పర్తి చెరువు కట్ట మీద నన్ను దాటి పోయింది! ఆ చివర నిలబడి, "మమ్మీ, జర జల్ది రా, ఎంతసేపు నడుస్తవ్?" అని ఒకటే కేక. నెల కింద దానితో నేనన్న మాట అది! ఆయాసపడుతూనే నవ్వాను. నిన్ననే చెబుదామంటే నువ్వొచ్చేసరికి నాకు నిద్ర పట్టింది.

ఇంకొకటి. ఎనుమాముల మార్కెట్లో నువ్వు మిర్చి తూచే కాంటా మీద ఇక దాన్ని నిలబెట్టొద్దు. పోయిన వారం "మా బిడ్డ బస్తాకు సమానం తూగింది" అని నువ్వంటే హమాలీలంతా నవ్వారట. నువ్వు ముద్దుకే అన్నావు, నాకు తెలుసు. పిల్ల మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

రూతు

అన్నట్టు, నిన్న ఇంటికొస్తూ అడిగింది: "డాడీ గా కాంటా ఎందుకు ఎక్కడు మమ్మీ?" డాడీనే అడుగు అన్నాను. సాయంత్రం నడుస్తూ నువ్వే చెప్పు.