ఒక్క గిన్నె తక్కువ

అక్టోబర్ 2, 1958

రాయి అసుంప్తా. చెప్పింది చెప్పినట్టు రాయి, నీ గురించైనా సరే. నాకు అక్షరం రాదు. ఈ ఇంట్లో కలం పట్టేది నా కోడలొక్కతే. అందుకే ఆమె మీద ఫిర్యాదు ఆమె చేతే రాయిస్తున్నాను.

పోయిన వేసవిలో నేను చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఎవడో వ్యాపారి వచ్చాడు. మా అమ్మ నాటి అద్దకం గిన్నెలన్నీ వాడికిచ్చేసి, బంగారు అంచు కప్పుల సెట్ తీసుకుంది అసుంప్తా. స్పంజి ముక్కని పువ్వులా కోసి, రంగులో ముంచి, ఒక్కో పువ్వూ చేత్తో అద్దిన గిన్నెలవి. ఏ రెండూ ఒకలా ఉండవు. రెండు చేతులా పట్టుకుని టీ తాగేవాళ్ళం. కప్పు చెవి పట్టుకుని తాగేదీ ఒక తాగడమేనా?

ఇక్కడ కలం ఆపింది. సగం బీటలువారినవే కదా అత్తయ్యా అంది. అదీ రాయమన్నాను.

అక్టోబర్ 3

ఊళ్ళో ఇళ్ళకి వంతులవారీగా వచ్చే స్టేషన్ పూజ ఈసారి మాది. ఫాదర్ కిసేన్ మా వంటింట్లోనే పూజ చేస్తారు. తర్వాత ఇంటికొకరు చొప్పున మా బల్ల దగ్గరే టిఫిన్ చేస్తారు. అందరికీ అద్దకం గిన్నెల్లోనే టీ పోస్తానన్నాను. నా కొడుకు థేడీ నవ్వాడు. బల్లకి పన్నెండు గిన్నెలు తెస్తే నీ మాటే, ఒక్కటి తగ్గినా కప్పులే అన్నాడు. సంతలో దూడ బేరం కుదిరినట్టు చేతిలో చెయ్యేసి కొట్టాను.

అక్టోబర్ 6

అద్దకం గిన్నెల కోసం ఊళ్ళో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మాగ్ హర్లిహీ కోళ్ళకి తవుడు పెట్టేది గులాబీల గిన్నెలో! కోళ్ళ ముందు నుంచి లాగేశాను. నీకు పిచ్చెక్కిందే నోనీ అంది. ఎక్కింది. మడ్డి కడుగుతుంటే ఒక్కో ఆకూ బయటికొస్తోంది. ఎక్కకేం చేస్తుంది?

జాకీ బక్లీ గడ్డానికి సబ్బు నురగ కలిపే గిన్నె మీద ఆవుల వరస ఉంది. ఇవ్వనన్నాడు. గడ్డం పెంచుకో, పెళ్ళికూతురు ఎలాగూ రావట్లేదుగా అన్నాను. ఇచ్చాడు.

అక్టోబర్ 9

మా కొట్టంలోనే, పిల్లి పాలు తాగేది మా అమ్మ గిన్నె! కోడలి కంటా పడలేదు, వ్యాపారి కంటా పడలేదు. పిల్లికి దణ్ణం పెట్టాను.

అక్టోబర్ 14, పొద్దున్న

పదకొండు. అలమారాలో వరసగా పెట్టి, కుర్చీ వేసుకుని చూస్తున్నాను. అంచు చుట్టూ తిరిగొచ్చిన చోట ఆఖరి పువ్వుకి జాగా చాలక ఇరుక్కుని ఉంటుంది. అక్కడే నా కళ్ళు ఆగిపోతున్నాయి.

పన్నెండోది ఆబీ క్రెమిన్ దగ్గరే ఉంది. నా మేక ఆమె కొత్త దుప్పటి నమిలినప్పటి నుంచీ మాకు మాటల్లేవు.

సాయంత్రం

వెళ్ళాను. మేకని తోలుకు రాలేదేం అంది గుమ్మంలోనే. నీ దుప్పట్లు దానికి రుచించలేదట అన్నాను. పకపకా నవ్వి కుర్చీ లాగింది. గిన్నె పై అరలో ఉంది, ఊదారంగు పిట్టలతో. కానీ ఒంటరిగా గడప దాటదట. నేనే తెస్తా, నేనే తాగుతా, నేనే తీసుకుపోతా అంది. సరే మహాతల్లీ అన్నాను. దారంతా పాడుకుంటూ వచ్చాను. ఇది రాస్తూ అసుంప్తా నవ్వుతోంది. నవ్వావనీ రాయి.

అక్టోబర్ 16

పూజ అయిపోయింది. ఆబీ రాలేదు. గుడ్లు ఉడికాయి, రొట్టె కోశారు. థేడీ కప్పుల మీద చెయ్యేశాడు. అప్పుడు అసుంప్తా అతని చెయ్యి పట్టుకుంది. కాసేపాగు, ఆవిడ కాళ్ళ నొప్పుల మనిషి అంది. అవును, అసుంప్తాయే. సిగ్గుపడకుండా రాయి.

తలుపు తోసుకుని ఆబీ వచ్చింది, గిన్నె శాలువా కింద పెట్టుకుని. పన్నెండు! ఫాదర్ గిన్నె ఎత్తి చెవి కోసం వెతికారు, దొరక్క రెండు చేతులా పట్టుకున్నారు. రెండుసార్లు పోయించుకున్నారు.

తర్వాతే అసలు సంగతి. ఆబీ తన గిన్నె కడిగి, తుడిచి, తీసుకుపోయింది. అది చూసి మాగ్ తనదీ తీసుకుంది, కోళ్ళకి ఇంకేదైనా చూస్తాలే అంటూ. జాకీ ఆవుల్ని కోటు జేబులో కుక్కుకున్నాడు. ఒక్కొక్కరూ అంతే. వాళ్ళు ఇచ్చేసినవే కదా, ఆపనా అత్తయ్యా అంది అసుంప్తా. వద్దన్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడని గిన్నెని అందరూ గుండెలకి హత్తుకుని పోతుంటే ఎలా ఆపను?

బల్ల మీద మా అమ్మది ఒక్కటే మిగిలింది.

అక్టోబర్ 19

ఆబీ కబురు పంపింది. రేపు టీకి రావాలట, ఎవరి గిన్నె వాళ్ళే తెచ్చుకోవాలట. అసుంప్తా కూడా వస్తానంటోంది. తనకి గిన్నె లేదు. నా దాంట్లోనే తాగుతుంది. నా తర్వాత.