కడుపు మాడ్చుకోవడం లేదు

అమ్మా,

నేను పంతం పట్టి కడుపు మాడ్చుకుంటున్నానని పిన్నితో అన్నావట. మాడటానికి ఆకలంటూ వేయాలి కదమ్మా! బరువు తగ్గడానికి చేసిన ఆపరేషన్‌లో కోసి తీసేసిన కడుపు ముక్కలోనే ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారవుతుందట. మూడు నెలలుగా నాకు ఆకలే తెలియడం లేదు. మొన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ తిండి సంగతే మరిచిపోయాను. అక్షరాలు అలుక్కుపోయి కళ్లు తిరిగాయి. పక్క సీటు టైపిస్టు అక్క తన డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, "నీ ఆకలి పోతే పోయింది, నువ్వుండాలిగా తల్లీ! ముందు తిను," అని కసిరింది. ఇప్పుడు గడియారం చూసి తింటున్నాను. విచిత్రమేమంటే, బరువు పెద్దగా తగ్గకముందే షుగరు దిగింది. డాక్టరు మాత్రలు ఆపించారు. ఇన్నాళ్లూ మీరు తిండియావ అన్నది, నేను సిగ్గుతో చచ్చింది, ఒంట్లో ఊరే ఈ రసాల పనేనా అనిపిస్తోంది.

నా పాత బట్టలు రెండు జతలు బిగువుగా కుట్టించి పంపు. నాన్న షుగరు పరీక్ష చేయించుకున్నారా? ఆయనకు నమస్కారాలు, చంటివాడికి ముద్దులు.

ఆపరేషన్ మాట రాస్తే కవరులో పెట్టి అంటించమన్నావు, పోస్టుమాన్ చదివి వీధంతా చెబుతాడని. నేను ఇలా పోస్టుకార్డు మీదే రాస్తాను.