చేయి వణకని నెల

ఫిబ్రవరి 9

ఇన్నేళ్ళుగా నేను భయం అనుకున్నది భయం కాదట. బీపీ అట.

సీజన్ మొదలయ్యే ముందు షూటర్లందరికీ మెడికల్ చేస్తారు. నర్సు పట్టీ కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. మెట్లెక్కి వచ్చారా అంది. లేదు, ఇందాకట్నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నాను అన్నాను. ఇంకోసారి కట్టింది. ఏమీ అనకుండా లోపలికెళ్ళి డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది. పై అంకె నూట ఎనభై దాటింది.

గుండె దడగా ఉంటుందా అని అడిగింది డాక్టరమ్మ. నాకు నవ్వొచ్చింది. పిస్టల్ ఎత్తి పది మీటర్ల అవతలున్న నల్ల చుక్కకి గురిపెడితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా పిస్టల్ కొన మీద గురి చూసుకునే ఫ్రంట్ సైట్ ఎగురుతుంది. పిట్ట తోకలాగా. అందరికీ కొంచెం ఎగురుతుంది. నాది గంతులేస్తుంది. నీది పిరికి గుండె అనేవారు కోచ్ గారు. నేనూ నమ్మాను. ధ్యానం చేశాను, కాఫీ మానేశాను, పిరికితనం పోవాలని నడిరోడ్డు మీద పాటలు కూడా పాడాను. పోలేదు. పోవడానికి అది పిరికితనం అయితే కదా.

ఫిబ్రవరి 10

మా ఆయనకి చెప్పాను. కళ్ళద్దాల షాపు నడిపే మనిషి, ఎవరితోనైనా కళ్ళలోకి చూసే మాట్లాడతారు. ఇవాళ చూడలేదు. సాయంత్రానికి బీపీ మిషన్ కొనుక్కొచ్చారు.

అత్తయ్య మాత్రం లోలోపల సంతోషపడింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నేనొక్కదాన్నే చప్పిడి తిండి తింటున్నాను, నాకూ ఓ తోడు దొరికిందే అంది.

మార్చి 2

మొదటి మాత్రకి కాళ్ళు వాచాయి. షూటింగ్ బూట్లలో పాదం దూరలేదు. నిలబడి ఆడే ఆట. మాత్ర మార్చారు.

మార్చి 15

రెండో మాత్రకి పొడిదగ్గు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే గొంతులో ఎవరో ఈక పెట్టి తిప్పినట్టు ఉంటుంది. ఇవాళ దగ్గుతో ఒక షాట్ పక్క లేన్ టార్గెట్ కార్డు మీద పడింది. పక్క లేన్ పిల్లది ఎడమ చేయి. అందుకే ఇద్దరం ఎదురెదురు మొహాలు పెట్టుకుని నిలబడతాం. అక్కా, నీ షాట్ కూడా నాకే ఇచ్చేస్తే ఎలా, అని పకపకా నవ్వింది. ఆ పిల్లకి పిస్టల్ పట్టుకోవడం నేర్పింది నేనే. ఇప్పుడు నా కంటే బాగా పట్టుకుంటుంది.

మార్చి 17

ఈసారి ఈసీజీ కూడా తీశారు. బీపీతో పాటు గుండె పరుగు ఎక్కువగా ఉందట, మధ్యమధ్య తాళం తప్పుతోందట. రెంటికీ కలిపి ఒకటే మందు రాస్తాను, బీటా బ్లాకర్, అంది డాక్టరమ్మ.

ఆ మాట తెలియని షూటర్ ఉండరు. మా ఆటలో నిషేధించిన మందుల లిస్టులో ఉంటుంది అది. గుండెని నెమ్మది చేస్తుంది, చేతి వణుకు తీసేస్తుంది. పరుగు పందెం వాళ్ళకి వేస్తే చతికిలబడతారు. మాకైతే వరం. వరం కాబట్టే నిషేధం.

చెప్పాను. జూన్‌లో నేషనల్ టీమ్‌కి ట్రయల్స్ ఉన్నాయి, నాకు నలభై ఒకటి, ఇదే ఆఖరని ఇంట్లో మాటిచ్చాను, అన్నీ చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, మీకు ఆట కావాలా లేక, అని ఆగిపోయింది. మిగతా సగం నోట్లోనే ఉంచుకుంది. మంచి మనిషి.

మార్చి 18

వేసుకున్నాను. మెడికల్ పర్మిషన్‌కి అప్లై చేస్తున్నాను. జబ్బు మనిషిని, ఎందుకివ్వరు.

మార్చి 24

వేళ్ళు చల్లగా అయిపోతున్నాయి. మెట్లెక్కుతుంటే కాళ్ళకి ఇసుక మూటలు కట్టినట్టుంది. కానీ బీపీ దిగింది. మిషన్ చూసి ఆయన నవ్వారు. నెల తర్వాత.

మార్చి 30

ఎలా రాయాలో తెలియడం లేదు.

ఇవాళ చేయి ఎత్తాను. ఫ్రంట్ సైట్ వచ్చి నల్ల చుక్క కింద నిలబడింది. అంతే. గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. ఇప్పుడెగురుతుంది, ఇప్పుడెగురుతుంది అని చూశాను. ఎగరలేదు. ఎంత కంగారు పడ్డానంటే పేల్చకుండానే చేయి దించేశాను. నీళ్ళు తాగి మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అలాగే. చుట్టూ అంతా ఆగిపోయినట్టు, నన్ను మెల్లగా పని చేసుకోమన్నట్టు.

ఇరవై ఏళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాను. గురి అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. నేనిన్నాళ్ళూ చేసింది గురిపెట్టడం కాదు. పారిపోయే కోడిని పట్టుకోవడం. ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కానో కూడా తెలియలేదు, దానంతటదే పేలింది, పది. మళ్ళీ పది. మిగతావాళ్ళకి రోజూ ఇలాగే ఉంటుందా? ఆ పక్క లేన్ పిల్లకి పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉందా?

ఆరు వందలకి ఐదు వందల ఎనభై నాలుగు. నా జన్మలో కొట్టని స్కోరు. పోయినేడాది ట్రయల్స్‌లో మొదటి స్థానం వాళ్ళు కూడా ఇంత కొట్టలేదు.

పిస్టల్ పెట్టెలో పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే అనుకుంటాను. పోగొట్టుకున్న వస్తువు ఇంకొకరింట్లో కనిపిస్తే ఎలా ఉంటుంది, అలా కూడా ఉంది.

ఏప్రిల్ 1

కోచ్ గారు కార్డులన్నీ వరసగా పేర్చి చూశారు. ఏం తింటున్నావమ్మా అన్నారు తమాషాకి. చెప్పాను. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. గొంతు తగ్గించి, ట్రయల్స్‌లో డోప్ టెస్టింగ్ ఉండదు, టీమ్‌లోకి వెళ్ళాక సంగతి అప్పుడు చూసుకుందాం అన్నారు. వెంటనే, నేనేమీ అనలేదు, నువ్వేమీ వినలేదు, అని కూడా అన్నారు. నా కోసమే అన్నారు. నేను ఓడిపోయిన ప్రతిసారీ ఆయనా అన్నం మానేసేవారు.

ఏప్రిల్ 20

పర్మిషన్ రాలేదు.

డోపింగ్ కమిటీ ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతల ఒక పెద్దాయన, మర్యాదగానే మాట్లాడారు. అమ్మా, మీకు జబ్బు లేదని మేం అనడం లేదు, మందు మానమని కూడా అనం. కానీ ఆ మాత్ర మీ జబ్బు తీస్తోందో, మీ ఆట పెంచుతోందో మేం విడదీయలేం కదా, అన్నారు. మరి ఏం చెయ్యమంటారు అన్నాను. మందు వేసుకోండి, ఆరోగ్యం చూసుకోండి అన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పా నేనే, పామూ నేనే.

ఏప్రిల్ 21

నేనూ విడదీయలేను.

ఏప్రిల్ 28

వారం నుంచి ఆయనకీ నాకూ ఇదే గొడవ. ఆట మానెయ్ అంటారు. అనడం కూడా బతిమాలుతున్నట్టు అంటారు, అరిస్తే నాకూ తేలికయ్యేది. అత్తయ్య మధ్యలో వచ్చి, ఆ మాత్రేదో వేసుకుని ఆడితే ఎవరికే నష్టం, మా కాలంలో పరీక్షకి వెళ్ళేవాళ్ళు తలనొప్పి మాత్ర వేసుకునేవాళ్ళు కాదూ, అంది. ఆవిడ మాటే అన్నిటికంటే న్యాయంగా అనిపించింది.

అయినా చెయ్యలేను. కారణం గొప్పదేం కాదు. లేన్‌లో నిలబడితే ఆ పిల్ల మొహం నాకెదురుగా ఉంటుంది. తన గుండె తనని ఎంత ఎగరేస్తే అంత ఎగురుతూ ఆడుతుంది. నేను నేర్పిన పిల్ల ఎదురుగా నేను దొంగాట ఆడాలా?

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒక్కసారిగా మానితే గుండె తిరగబడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది అని, కొద్దికొద్దిగా తగ్గించేలా రాసింది. బదులుగా ఆ కాళ్ళు వాచే మాత్ర. దీంతో పూర్తిగా అదుపులో ఉండదు, రోజూ చూసుకోవాలి, అంకె పెరిగితే ఆ క్షణమే ఫోన్ చెయ్యాలి, అని ఒట్టేయించుకున్నంత పని చేసింది. సరే అన్నాను.

మే 14

మాత్ర పూర్తిగా పోయింది. పిట్ట తోక తిరిగొచ్చింది.

మే 19

పై అంకె నూట డెబ్భై. ఆయన షాపు నుంచి రాగానే ఎంతుంది అని అడిగారు. బాగానే ఉంది అన్నాను. ఆయన ఇంట్లో ఉండగా మిషన్ కట్టుకోవడం మానేశాను. ట్రయల్స్ దాకా. ఆ తర్వాత బుద్ధిమంతురాలినవుతాను.

మే 27

నూట తొంభై. డాక్టరమ్మ నంబరు తీశాను. పెట్టేశాను. ఫోన్ చేస్తే ఆడొద్దంటుంది. తెలిసిన సమాధానానికి ఫోన్ ఎందుకు.

వెనక మెడ నొప్పి. మొహం కందగడ్డలా ఉందేమిటే అని అత్తయ్య అడిగింది. ఎండ అన్నాను. ఇంట్లో కూర్చుంటే ఎండ ఎక్కడిదే అంది. పెద్దవాళ్ళు ఒక్కోసారి అడిగి వదిలేస్తారు. అదృష్టం.

జూన్ 6

అయిపోయింది.

మొదటి పది షాట్లు బాగానే పడ్డాయి. తర్వాత గుండె మొదలెట్టింది. ఫ్రంట్ సైట్ కనిపిస్తోంది, దాన్ని ఆపడం నా చేతిలో లేదు. చేయి ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం. చెమట కంట్లోకి. గుండె దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ చిన్న సందులో పేల్చాలి. ఇన్నేళ్ళూ అలాగే బతికాను. కానీ ఇప్పుడు నిలకడ ఎలా ఉంటుందో చూసిన కళ్ళు నావి. చూడకముందు ఇంత కష్టంగా ఉండేది కాదు. ప్రతి షాట్‌కీ ఆ చేయి గుర్తొచ్చింది, మార్చి నెల చేయి. సొంత అక్క మీద అసూయ పడినట్టు దాని మీద అసూయ పడ్డాను.

ఐదు వందల యాభై తొమ్మిది. పదిహేడో స్థానం. టీమ్‌కి ముగ్గురిని తీసుకున్నారు. మొదటి పేరు ఎడమచేతి పిల్లది. ఐదు వందల ఎనభై ఒకటి.

మార్చి స్కోరుతో లెక్క చెయ్యకూడదనుకున్నాను. చేసేశాను.

పిల్ల వచ్చి కాళ్ళకి దండం పెట్టింది. భుజం పట్టి లేపాను. అందరూ చూస్తున్నారు కాబట్టి నవ్వాను. కోచ్ గారు నా వైపు రాలేదు, కిటికీ దగ్గర నిలబడి ఏదో వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నారు.

జూన్ 7

పొద్దున లేచేసరికి కుడి కన్ను మసక. నిద్ర మత్తనుకుని మొహం కడుక్కున్నాను. పోలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఎడమ కన్ను మూసి చూస్తే, అద్దంలో నా మొహం మధ్యలో ఎవరో తడి బొటనవేలుతో రుద్దినట్టుంది. చెవులు కనిపిస్తున్నాయి, ముక్కు లేదు.

షాపుకి వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ కన్ను మూసి, అక్షరాలు చదవమన్నారు. ఏ అక్షరాలు అన్నాను. ఆ పెద్దవి అన్నారు. ఎక్కడ అన్నాను. ఆయన లెన్సు మార్చారు. మళ్ళీ మార్చారు. ఇంకోటి తీశారు. లెన్సులతో అయ్యే పని కాదని ఆయనకి నా కంటే ముందే తెలుసు. అయినా పెట్టెలో ఉన్నవన్నీ ఒకటొకటిగా పెట్టి చూశారు. బయట కస్టమర్ బల్ల మీద తడుతున్నాడు. ఆయనకి వినిపించలేదు.

తర్వాత బీపీ ఎంతుంటోంది అని అడిగారు. నిజం చెప్పాను.

ఒక్క మాట చెప్తే పోయేది కదా, అన్నారు. షట్టర్ దించారు.

జూన్ 9

కంటి లోపల ఒక రక్తనాళం మూసుకుపోయి రక్తం చిమ్మిందట. బీపీ వల్లే. కంట్లోకి ఇంజెక్షన్లు వేస్తారట, ఎంత చూపు తిరిగొస్తుందో మాట ఇవ్వలేమన్నారు. మధ్య చూపు కష్టమే అన్నారు. మధ్య చూపు అంటే గురి చూపు. ఆ సంగతి కంటి డాక్టరుకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

మా డాక్టరమ్మ తిట్టలేదు. మళ్ళీ బీటా బ్లాకర్ రాసింది. ఈసారి చీటీ తీసుకుని నేరుగా మందుల షాపుకి వెళ్ళాను.

జూన్ 23

పిల్ల ఇంటికొచ్చింది. కోచ్ గారు చెప్పేశారట, మొత్తం. మంచం పక్కన కూర్చుని కాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది. తర్వాత కోపంగా అంది. వేసుకుని ఆడాల్సింది అక్కా. ఎవరు చూశారు. నేను రెండో స్థానంలో వచ్చేదాన్ని, అయినా టీమ్‌లో ఉండేదాన్ని. ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం.

అవును. ముగ్గురిని తీసుకుంటారు. నేనాడితే ఆ పిల్లకి పోయేదేమీ లేదు. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు.

అప్పుడు దొంగాట అయ్యేది కదే, అన్నాను.

కన్ను పోయాక ఎవరికి చూపించుకుంటావు నీ నిజాయితీ, అంది. అనేసి, నాలుక కరుచుకుని, నా చేతిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. దాని తల నిమురుతూ కూర్చున్నాను.

జూలై 12

రెండో ఇంజెక్షన్. అంచులు కొంచెం తేరుకున్నాయి. మధ్యలో అలాగే ఉంది.

ఎడమ కన్నుతో నేర్చుకోవచ్చు అన్నారు కోచ్ గారు ఫోన్లో. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేర్చుకున్నా మాత్ర ఉంది కదా. ఆ చేయితో ఏ పోటీలోనూ నిలబడనివ్వరు. అయినా ఇద్దరం కాసేపు ఎడమ కన్ను గురించి మాట్లాడుకున్నాం, పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకున్నట్టు.

జూలై 30

నా పిస్టల్‌ని క్లబ్‌కి ఇచ్చేశాను.

ఆగస్టు 18

ఆయన షాపులో కూర్చుంటున్నాను. ఇవాళ ఒక ముసలాయన ఫ్రేమ్ స్క్రూ ఊడిందని వచ్చాడు. భూతద్దం కింద పెట్టి, ఎడమ కన్నుతో చూస్తూ బిగించాను. ముసలాయన వంగి చూశాడు. అబ్బ, ఏం చేయమ్మా నీది, కొంచెమైనా కదల్లేదు, అన్నాడు.

మాత్ర వేసుకుంటానండీ, అన్నాను.