రూతు తలనొప్పి

మే 8
ఎండ మండిపోతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు కట్టేసి అల్మాస్‌గూడ, అత్తమ్మ వాళ్ళింటికి. రూతుకి ఆపరేషన్ కాన్పయి వారం దాటింది. పాప నిద్రలో నవ్వుతోంది. రూతుకి తలనొప్పి. తలకి గుడ్డ, చెవుల్లో దూది, కిటికీలు మూసి — ఈ ఉక్కలో! నీళ్ళడిగితే అరగ్లాసు, అదీ కాచినవి. “పచ్చి బాలింత. నీళ్ళు తాగితే పొట్ట పెద్దగైతది అల్లుడా. గివన్ని మీకు తెల్వయి.”
నాకు తెలియవట. రోజంతా చీరలు విప్పి మడతపెట్టేవాణ్ణి, నాకేం తెలుస్తాయి!

మే 9
తగ్గలేదు. దూది తీసినందుకు చెవుల్లోకి గాలి పోయిందని అత్తమ్మ.

మే 10
కాన్పు చేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళాను. “వెన్నుకి మత్తు సూది ఇచ్చాం కదా, దానివల్లే. పడుకోబెట్టండి, తగ్గిపోతుంది.” హమ్మయ్య అనుకున్నా.
ఇంటికొచ్చి పడుకోబెడితే ఇంకా ఎక్కువైంది. “లేపుండ్రి, తల పలుగుతున్నది” అని ఒకటే ఏడుపు. గోడకి ఆనించి కూర్చోబెడితే కాస్త నయం. ఇదేంటి, వాళ్ళు చెప్పింది తిరగబడింది? ఎవరినడగాలి... అత్తమ్మ మళ్ళీ పడుకోబెట్టింది.

మే 11
వాంతులు. “నువ్వన్న ఇయ్యి జర, నీళ్ళు” అని నా చొక్కా పట్టుకుంది. గ్లాసు తెచ్చేలోపు గుమ్మంలో అత్తమ్మ. “నా బిడ్డ మీద నాకు లేదా పావురం?” ప్రేమ లేదని ఎవరన్నారు. సగం తాగనిచ్చింది.
తిట్టాలనుంది. కానీ ఆమె నడుం వాల్చకుండా చేస్తోంది రూతుకి. ఎట్లా తిడతాను.

మే 12
పాపకి పాలిస్తూనే రూతుకి ఫిట్స్. కుడిచెయ్యి కొట్టుకుంది, నోట్లో నురగ. పాపని అత్తమ్మ లాక్కుంది. ఆటోలో ఎల్బీనగర్ పెద్ద దవాఖాన. అరవడం తప్ప నాకేమీ చేతకాలేదు.
సీటీ స్కాన్ తీశారు. “నార్మల్” అన్నాడు డ్యూటీ డాక్టరు. నార్మలైతే మనిషి ఇట్లా ఎందుకు పడి ఉంది?!
తర్వాత నరాల డాక్టరమ్మ వచ్చింది. కోస్తా మాట. “తలనొప్పి పడుకుంటే ఎక్కువయ్యేదా, లేస్తే ఎక్కువయ్యేదా అండీ?”
ఈ ఒక్క ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. “పడుకుంటేనే మేడం!” అన్నాను, అరిచినట్టే.
లైటు వేసి కళ్ళలోకి చాలాసేపు చూసింది. కంటి నరం బాగా వాచిందట. “మత్తు సూది నొప్పయితే పడుకుంటే తగ్గాలి. మెదడులోంచి రక్తం కిందికి దిగే సిరల్లో గడ్డ కట్టిందేమోనని నా అనుమానం. మామూలు సీటీలో కనపడకపోవచ్చు. సిరలు కనపడేలా ఎమ్మారై తీయిద్దాం.”

మే 13
గడ్డే. డాక్టరమ్మ కంప్యూటర్లో చూపించింది — ఒక పక్క సిర తెల్లగా, రెండో పక్క అసలేమీ లేదు. రక్తం పలచబడే సూదులు మొదలుపెట్టారు.
“కాన్పు తర్వాత రక్తం చిక్కబడుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే ఇంకాస్త. అదొక్కటే కారణమని కాదు.”
ఆవిడ వెళ్ళాక అత్తమ్మ — “నేనే జేసిన్నా అల్లుడా?”
కాదనాలి. అవుననాలనీ ఉంది. అదొక్కటే కారణం కాదని డాక్టరమ్మ అన్న మాటైనా గుర్తుచేయొచ్చు కదా... మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళిపోయాను. ప్రభువా, నాకెందుకింత పంతం.

మే 14
మగతలోనే ఉంది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. చూపు సంగతి అడిగాను. “నరం వాపు ఎక్కువుంది. ఇప్పుడే చెప్పలేమండీ.”

మే 15
కళ్ళు తెరిచింది!
పేరు పెట్టి పిలిస్తే పలికింది. “పాప పాలు తాగిందా?” తాగిందన్నాను. ఏడ్చేశాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెయ్యి బాగానే పనిచేస్తోంది, దేవుడి దయ.
నా వైపు తల తిప్పి — “కరెంటు పోయిందా? లైటెయ్యి జర. నీ మొఖం చూస్త.”
మిట్టమధ్యాహ్నం. మంచం పైన ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి.
“వేస్తున్నా, ఉండు” అన్నాను.