తీగలు ఉడికించిన గిన్నె

బావా,

నువ్వు పోయాక మన మిర్యాలగూడ చర్చిలో బాస్ గిటార్ నేనే వాయిస్తున్నాను. ఖరీదైన గిటార్ దండగ అనేవాడివి. అయినా హైదరాబాద్ వెళ్లి కొన్నాను. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. పాట సగంలో శ్రుతి జారదు.

కానీ ఏడాది తిరక్కుండానే తీగలు మురికి పట్టి మూగబోయాయి. రేపు ఈస్టర్ అనగా కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? నీలాగే నీళ్లలో ఉడికించి మురికి వదిలిద్దామని అక్క దగ్గరికి వెళ్లాను.

"ఆయన మిల్లుల వడ్లు ఉడకబెట్టె, ఇంటికొచ్చి తీగలు ఉడకబెట్టె. గంత పెట్టి కొన్నవ్, నీది గూడ ఉడకబెట్టుడేనారా?" అని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే అటక మీద నుంచి గిన్నె దించింది.

ఈ పొద్దున మొదటి పాటకే చర్చి కిటికీలు అదిరాయి. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అక్కే.

గిటార్ కొనదగ్గదే బావా, ఒప్పుకో. తీగల విషయంలో మాత్రం గెలుపు నీదే.

ఇంటికొచ్చాక అక్క ఆ గిన్నెను తళతళా తోమి మళ్లీ అటకెక్కించింది.

"వంటకు వాడుకోరాదు అక్కా?" అన్నాను.

"అది మీ బావ గిన్నెరా. అండ్ల కూరెట్ల వండుత?" అంది.