జూనో దేవి ముక్కు, భుజాలు ఎవరివో తెలియజేసే వీలునామా

రోము చేపల బజారులో కాపురమున్న దొమితిల్లా అను నేను, చనిపోయిన పడవవాడు నజారియో కూతురిని, వయస్సు ఇరవై మూడు, ఈ వీలునామా నా చేత్తో నేనే రాసుకుంటున్నాను. చలిజ్వరం ఒంటికి పట్టింది గాని బుద్ధికి పట్టలేదు. మా వంశంలో సిలువ గీత బదులు సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే కాబట్టి అక్షరం అక్షరం చూసుకుని రాశాను.

1. నా బొగ్గు కణికలు, బొగ్గు గీతలు చెరపడానికి దాచిన ఎండు రొట్టె మా పెద్దన్న తుల్లియోకి. ఈ వీలునామా అమలు చేయవలసింది కూడా అతడే. ఆ రొట్టె తినరాదు.

2. గురువు సిజిస్మొందో గారికి ఒక తగరపు ఆకు. మేం ఆడపిల్లలం బొమ్మలు గీయడానికి వెళ్తే ఆయన బట్టల్లేని సుద్ద దేవుళ్ల విగ్రహాలన్నిటికీ మొల దగ్గర ఇవి కట్టేవారు. ఒకటి ఊడిపడితే తెచ్చుకున్నాను. ఆరుగురు అన్నలతో ఒకే గదిలో పెరిగిన నా దగ్గర ఆ దాపరికం దేనికో!

3. దేవతల రాణి జూనో బొమ్మ సంగతి. గురువుగారి సుద్ద జూనో విగ్రహానికి భుజం విరిగి ఉంటే, నన్ను పెంచిన పిన్ని ఓర్సొలాకి దుప్పటి చుట్టి, మలుగు చేపల తొట్టి బోర్లించి దానిమీద నిలబెట్టి గీశాను. "ఆ వంకర ముక్కేమిటమ్మాయ్, రోమను ముక్కు పెట్టు," అన్నారు గురువుగారు. మా పిన్ని తాతముత్తాతలంతా ఈ వీధిలోనే పుట్టారు. అయినా సిగ్గులేకుండా ముక్కు మార్చాను.

మార్కీ బిరుదున్న ప్రభువు బెర్తొల్ది గారు ఆ బొమ్మ అరువడిగి తీసుకెళ్లి విందులో చూపించారు. "ఆ భుజాలు చూశారా? మా పూర్వికుల ఠీవి! ఇప్పటి కూలిజనంలో ఎక్కడుంది?" అన్నారట. అదే భుజాన గంపతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిన్ని, "అయ్యగారూ, ఠీవి తర్వాత, ముందు మలుగులు దింపించండి, చస్తున్నాయి," అందట.

ఇప్పుడు ఆయన దాన్ని అచ్చు వేయించి, కింద తమ వంశమూల దేవత అని రాయిస్తారట. ఇంకొంచెం మెరుగులు దిద్దమని నా దగ్గరికి పంపారు. దిద్దాను. ముక్కు మళ్లీ పిన్నిదే పెట్టాను.

4. ఆ బొమ్మ ఇంకా నాదే గనక మార్కీ గారికి రాసిస్తున్నాను. షరతు ఒక్కటే: కింద ఓర్సొలా పేరు తప్ప మరో పేరు ఉండరాదు. కాదంటే బొమ్మ పిన్నిదే, చేపల బల్ల మీద వేలాడదీసుకుంటుంది.

పిన్ని మూడు వారాలు కూర్చుని తన పేరు నేర్చుకుంది. నిన్న బొమ్మ కింద తనే రాసింది. చోటు చాలక అక్షరాలు దేవి పాదాల మీదికి ఎక్కాయి. ఎవరూ అంచు కత్తిరించరాదు.

1791 సెప్టెంబరు 14.

(సంతకం) దొమితిల్లా

సాక్షులు:
ఎవరిస్తో, వైద్యుడు
ప్రాస్పెరో, పీపాలు చేసేవాడు