అవ్వ నాకు చెప్పని గుడ్లగూబ కథ

ఆత్మకూరు, శనివారం రాత్రి

చిన్నాన్న కూతురు స్వర్ణ ఇవాళ ఉదయగిరి బడిలో పిల్లలకు మా అవ్వ దగ్గర విన్న కథ చెప్పింది. చీకటి పడగానే గుడ్లగూబగా మారి, ఉయ్యాలలోని పసిబిడ్డల నెత్తురు తాగే ఆడమనిషి కథ. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అవ్వ ముందు వరసలో కూర్చుని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ కథ నాది. చిన్నప్పుడు అవ్వ పక్కలో పడుకుని ఎన్నిసార్లు విన్నానో!

కానీ స్వర్ణ కథలో బిడ్డ చచ్చిపోతుంది. నేను విన్న కథలో తల్లి మేలుకుని ఉండడం చూసి గుడ్లగూబ ఎగిరిపోతుంది.

తిరుగు బస్సులో అవ్వను అడిగాను.

"స్వర్ణ చెప్పిందే అసలు కథ. నువ్వు భయపడి ఏడ్చేదానివి, అందుకని నీకు బిడ్డను బతికించినాను. అది దేనికీ బెదరదు గదా" అంది.

నాకోసం కథనే మార్చిందని సంతోషపడాలి. పడలేకపోతున్నాను. అసలు కథ దానికిచ్చి, నన్ను బుజ్జగించి నిద్రపుచ్చింది.

ఇంటికి రాగానే, "ఆ కథ నాకూ చెప్పవ్వా" అన్నాను.

"ఇంక నేను చెప్పేదేముండాదే? స్వర్ణ నాకంటే బాగా చెప్పింది" అని అటు తిరిగి పడుకుంది.